180, 210, 240... తర్వాత ఎంత?



ముందుగా ఒక చిన్న లెక్క. 180, 210, 240... తర్వాత వచ్చే సంఖ్య ఎంత? మీలో చాలామంది ఈపాటికే 270 అనేసి ఉంటారు. 30 చొప్పున కలుపుతూ పోవడమే కదా! ఆన్సర్ కీలో ఉన్నదీ అదే.

మా ఆరో తరగతిలో ఒక అబ్బాయి 320 అని రాశాడు. నేను ఎర్ర పెన్నుతో ఇంటూ కొట్టాను. ఎలా వచ్చిందని అడగలేదు. ఆ తర్వాత నోటి లెక్కల్లో అతను చెయ్యి ఎత్తడం మానేశాడు. అది కూడా నేను ఆలస్యంగానే గమనించాను.

పేరెంట్స్ మీటింగ్‌కి వాళ్ల అమ్మగారు వచ్చారు. పలాసలో జీడిపప్పు గ్రేడింగ్ పని చేస్తారు. పేపరు చూసి, "ఇవి మా పప్పు నంబర్లు కదా మేడమ్!" అన్నారు. అప్పుడు అర్థమైంది. విరగని తెల్ల జీడిపప్పును పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, ఎన్ని పలుకులు తూగుతాయో లెక్కగట్టి గ్రేడు చేస్తారు. 180 అంటే పెద్ద పప్పు, ధర ఎక్కువ. నంబరు పెరిగేకొద్దీ పప్పు చిన్నదవుతుంది. మా వైపు బేరాల్లో తరచూ వినిపించేవి 180, 210, 240, 320. వజ్రపుకొత్తూరు నుంచి పలాస దాకా జీడితోటల మధ్య పెరిగిన పిల్లాడికి ఆ వరస ఎక్కాల కంటే ముందే వచ్చు. అతను గుడ్డిగా రాయలేదు, తనకు తెలిసిన రూలు ప్రకారమే రాశాడు.

గణితం కూడా ఆ అబ్బాయి వైపే మాట్లాడుతుంది. కొన్ని సంఖ్యలు చూసి తర్వాతది ఇదొక్కటే అని తేల్చలేం. ఇంట్లో ఒక పళ్లెం బోర్లించి వృత్తం గీయండి. దాని అంచున 2 చుక్కలు పెట్టి కలిపితే లోపల 2 భాగాలు. 3 చుక్కలకు 4, నాలుగింటికి 8, ఐదింటికి 16. ఆరింటికి 32 అనుకుంటాం. ప్రతి చుక్కనూ మిగతా అన్నిటితో కలిపి, మూడు గీతలు ఒకేచోట కలవకుండా చూసుకుని లెక్కపెట్టండి. 31 వస్తాయి! రెట్టింపు అవుతోందని నమ్మి లెక్కపెట్టకుండా వదిలేసినవాళ్లు ఇక్కడ దొరికిపోతారు.

"పోటీ పరీక్షలో ఇవన్నీ చెబితే మార్కులు వేస్తారా?" అని మీరు అడగవచ్చు. వెయ్యరు. అక్కడ అన్నిటికంటే తేలికైన రూలే వెతకాలి. 2, 3, 5, 8, 12 ఇస్తే పక్కపక్క సంఖ్యల తేడాలు రాసుకోవాలి: 1, 2, 3, 4. తర్వాతి తేడా 5 కాబట్టి జవాబు 17. ఈ పద్ధతి మేం నేర్పుతాం, నేర్పాలి కూడా. కానీ ఆ పద్ధతి నేర్పే తొందరలో పిల్లాడి ఆలోచన వినకుండా కొట్టేస్తే, రేపు వాడు ఆలోచించడమే మానేసి కీ కోసం చూస్తాడు. ఒక మార్కు పోవడం కంటే అదే పెద్ద నష్టం అని నా అభిప్రాయం.

అందుకే మిమ్మల్ని కోరేది ఒక్కటే. పిల్లలు పేపరు తెచ్చినప్పుడు "ఎన్ని వచ్చాయి?" అనే ముందు "ఇది ఎలా వచ్చింది?" అని అడగండి. జవాబు తప్పయినా చెప్పేదాకా ఆగండి. నిజంగా పొరపాటే అయితే, చెబుతూ చెబుతూ వాళ్లే చాలాసార్లు పట్టుకుంటారు.

నా వంతుగా, ఇప్పుడు నా వర్క్‌షీట్లలో ప్రతి వరస కింద ఇంకో గీత ఇస్తున్నాను: "రూలు రాయండి." సగం మార్కు దానికే. ఆ షీటు ఇంటికి వచ్చినప్పుడు ముందు ఆ గీత మీద రాసింది చదవండి. ఆ అబ్బాయి మళ్లీ చెయ్యి ఎత్తుతున్నాడు.