తొలగింపు జాబితాను చదివేదెవరు?

లినక్సులో మన కళ్ళకు కనబడే తెర ఒకే వస్తువు కాదు. ప్రవేశద్వారం చూపేది ఒకటి, కిటికీలను దిద్దేది ఒకటి, ఫైళ్ళను చూపేది మరొకటి. డెబియన్, ఉబుంటు వంటి పంపిణీలలో వీటన్నిటినీ ఒక తాటిపైకి తెచ్చేది మెటాప్యాకేజీ. అందులో ప్రోగ్రామేదీ ఉండదు. ఫలానా ఫలానావి కావాలన్న జాబితా మాత్రమే ఉంటుంది. పెళ్ళి సామాన్ల చీటీ వంటిదన్నమాట. డెబియన్‌లో తెలుగు ఖతులను తెచ్చే ఫాంట్స్-తెలు కూడా ఇటువంటిదే. చీటీ చింపినంత మాత్రాన సామాన్లు మాయం కావు గాని, అందులోని తప్పనిసరి సరుకును తీసివేస్తే చీటీ కూడా చెల్లకుండా పోతుంది.

ఈ ఏర్పాటులోని చిక్కు 2021 నవంబరులో లోకానికి తెలిసింది. కెనడాకు చెందిన యూట్యూబు వ్యాఖ్యాత లైనస్ సెబాస్టియన్, పాప్ ఓయెస్‌లో ఆటల కోసం స్టీమ్‌ను స్థాపించబోయాడు. చిత్రరూప అంగడిలో పని జరగక టెర్మినల్ తెరిచాడు. ప్యాకేజీల మధ్య పొంతన కుదరక, ఆప్ట్ చూపిన పరిష్కారంలో పాప్-డెస్క్‌టాప్, జీడీయం3, ఎక్సార్గ్ అన్నీ తొలగింపు జాబితాకెక్కాయి. ఏం చేస్తున్నారో కచ్చితంగా తెలిస్తే తప్ప ఇది చేయరాదని హెచ్చరించి, కొనసాగాలంటే "యెస్, డూ యాజ్ ఐ సే!" అని టైపు చేయమంది. ఆయన చేశాడు. డెస్క్‌టాప్ పోయి అక్షరాల తెర మిగిలింది.

చదవకపోవడం అతని తప్పేనని చాలామంది తీర్పిచ్చారు. నేను పూర్తిగా ఏకీభవించలేను. ఆట అడిగినవానికి ఇల్లు కూల్చే ప్రతిపాదన తేవడమే మొదటి దోషం. జీడీయం3 అంటే లాగిన్ తెర అని తెలియనివాడు ఆ జాబితాను ఎన్నిసార్లు చదివితే మాత్రం ఏమి లాభం? హెచ్చరిక నిజమే చెప్పింది; అర్థం మాత్రం చెప్పలేదు.

ఆ నెలలోనే ఆప్ట్ మారింది. అత్యవసర ప్యాకేజీలను తొలగించే దారిని అది తనంతట వెతకదు. కావాలనుకున్నవారు వేరుగా ఐచ్ఛికమిచ్చి అడగాలి. నా యంత్రంలో నాకు అడ్డేమిటని కొందరి వాదన. అందులో బలముంది. అయితే ఇక్కడ తలుపు మూయలేదు, గడియ పెట్టారంతే. పర్యవసానం తెలిసి ఎంచుకొన్నప్పుడే స్వేచ్ఛ అనిపించుకొంటుంది, తెలియక అన్న "యెస్" అంగీకారం కాదు.

అందాకా మన జాగ్రత్త మనది. ఆప్ట్ ఆదేశానికి మైనస్ ఎస్ జోడిస్తే ఏదీ మార్చకుండా, ఏమి జరగబోతుందో మాత్రమే చూపుతుంది. ఏవి వస్తాయన్నది కాదు, ఏవి పోతాయన్నది ముందు చదవండి. మరి మీరేమంటారు?