బరాతులో డీజే

బీర్పూరు మొదలుకొని జగిత్యాల, కోరుట్ల ప్రాంతములయందు నేడు పెండ్లియనినచో బరాతు (పెండ్లి ఊరేగింపు), బరాతనినచో డీజే తప్పనిసరియైనవి. ట్రాలీపై నిలువెత్తున పేర్చిన సౌండు పెట్టెల వెనుక, జనరేటరు పొగలో, ఒక చెవికి హెడ్‌ఫోను ఆనించి నిలుచున్న యువకుడు, మేనమామ యొక పాట, బావమరుదులు వేరొక పాట కోరుచుండగా, ఆటకు విరామము కలుగనీయక అందఱను సంతుష్టపఱచుట సామాన్యవిద్య గాదు. 2021లో పొరుగు మంచిర్యాల జిల్లా వధువొకతె ‘బుల్లెట్టు బండి’ పాటకు ఆడిన దృశ్యము లోకమంతయు వ్యాపించిన పిమ్మట పెండ్లికూతుండ్రకును ఈ వేడుకలో పాలు దక్కినది, నాకది సంతోషమే.

అయితే 2000 నాటి శబ్దకాలుష్య నియమముల ప్రకారము రాత్రి 10 మొదలు ఉదయము 6 వఱకు ఆరుబయట లౌడుస్పీకర్లు నిషిద్ధములు; నివాసప్రాంతములకు పగటి పరిమితి 55 డెసిబెళ్లు, రాత్రి 45. వేళ మించిన పిదప ‘ఇంకొక్క పాట పెట్టు తమ్మీ’ యని బతిమాలువారు పెండ్లివారే. పోలీసులు వచ్చినపుడు మాత్రము ఆ డీజే పిల్లవాడు అప్పుచేసి కొన్న పెట్టెలే జప్తగును. ఇది న్యాయము గాదు. పెండ్లిపెద్దలారా, బరాతును సాయంకాలమే బయలుదేరదీసి, 10 గంటలకు ముందే ముగింపుడు.