పిల్లగాడికి జ్వరమా? ముందు బరువెంతో చెప్పండి!

2021 ఎండాకాలం గుర్తుందా? సెకండ్ వేవ్ ఇంకా తగ్గనేలేదు, అప్పుడే 'థర్డ్ వేవ్ అంతా పిల్లలకే' అని ప్రచారం మొదలైంది. వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని నేను హన్మకొండలోనే ఉన్నాను. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో రోజుకో ప్రిస్క్రిప్షన్ ఫొటో తిరిగేది. ఎవరో పెద్దాయనకి రాసిన మందులు. కింద ఇంకెవరో 'పిల్లలకైతే సగం వేయండి' అని పెట్టేవారు. ఆ 'సగం' అనే మాట తలచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

వైరస్ పిల్లల్ని వదల్లేదన్నది నిజమే. ఐసీఎంఆర్ 2021 జూన్-జులైలో చేసిన సీరో సర్వేలో 6 నుంచి 9 ఏళ్ల పిల్లల్లో 57.2 శాతం మందికి, 10 నుంచి 17 ఏళ్ల వాళ్లలో 61.6 శాతం మందికి యాంటీబాడీలు కనిపించాయి. వాళ్లకప్పటికి టీకాలే లేవు. అంటే సగానికి పైగా పిల్లలకు వచ్చి పోయినట్టే! చాలా ఇళ్లలో తెలియను కూడా లేదు. రెండ్రోజుల జ్వరం, ముక్కు కారడం, కొందరికి విరేచనాలు.. అంతే.

అదే జూన్‌లో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ మార్గదర్శకాలు ఇచ్చింది. పిల్లలకు రెమ్‌డెసివిర్ వద్దంది. లక్షణాలు లేకపోయినా, కొద్దిగానే ఉన్నా స్టెరాయిడ్లు హాని చేస్తాయంది. ఊరికే సీటీ స్కాన్లు తీయించొద్దంది. ఇంట్లో ఉండే పిల్లలకి మిగిలింది పారాసెటమాల్, నీళ్లు, తిండి.

ఆ పారాసెటమాల్ దగ్గరే ఉంది అసలు కథ. డోస్ బరువును బట్టి ఉంటుంది. కిలోకి 10 నుంచి 15 ఎంజీ, డోసుకీ డోసుకీ మధ్య 4 నుంచి 6 గంటలు. సిరప్‌లేమో అన్నీ ఒకటి కావు. ఒక సీసాలో 5 ఎంఎల్‌కి 125 ఎంజీ, ఇంకోదాంట్లో 250. చుక్కల మందైతే 1 ఎంఎల్‌లోనే 100! 12 కిలోల పిల్లాడికి 150 ఎంజీ వేయాలంటే మొదటిది 6 ఎంఎల్, రెండోది 3, చుక్కల మందు ఒకటిన్నర. మా ఆఫీసులో యూనిట్లు తేడా వస్తే సాయంత్రానికి ఫిక్స్ చేస్తాం. ఇక్కడ తేడా వస్తే లివర్ మీద పడుతుంది.

ఒమిక్రాన్ టైంలో, 2022 జనవరిలో, కాజీపేట నుంచి అక్క ఫోన్. "తమ్మీ, బాబుకు జరమొచ్చింది. రెండు చెంచాలు పొయ్యాల్నా?"

"ఏ చెంచా అక్కా? సీసా మీద ఎంతుందో చూడు. వాని బరువెంత?"

"అంగన్‌వాడీల తూచిండ్రు, యాదికి లేదు."

బావ వాణ్ని ఎత్తుకొని మెషీన్ ఎక్కి, తర్వాత ఒక్కడే ఎక్కి, తీసివేత చేశాడు. ఆ బరువు, సీసా మీది అంకె పిల్లల డాక్టర్‌కి చెబితే ఎన్ని ఎంఎల్ వేయాలో ఆయన చెప్పారు.

జ్వరం ఎంతుందో చూస్తారు గానీ ఊపిరి ఎవరూ లెక్కపెట్టరు. పిల్లాడు ఏడవనప్పుడు ఫోన్‌లో టైమర్ పెట్టి నిమిషం పాటు లెక్కించండి. రెండు నెలల్లోపు 60, ఏడాదిలోపు 50, ఐదేళ్లలోపు 40, ఆ పైన 30. ఇవి దాటినా, డొక్కలు ఎగరేస్తున్నా, ఆక్సిజన్ 94 కన్నా తగ్గినా, పాలు తాగకుండా మత్తుగా ఉన్నా ఆలోచించొద్దు. ఎంజీఎంకో, దగ్గర్లోని పిల్లల ఆసుపత్రికో వెళ్లండి.

ఇంకోటి ఉంది, అరుదే గానీ దొంగదెబ్బ. కరోనా తగ్గిపోయిన 2 నుంచి 6 వారాలకు కొందరు పిల్లల్లో మళ్లీ వదలని జ్వరం, ఎర్రకళ్లు, దద్దుర్లు, కడుపునొప్పి, వాంతులు వస్తాయి. దీన్ని ఎంఐఎస్-సి అంటారు. గుండెని కూడా దెబ్బతీస్తుంది. ఆసుపత్రిలో ఇమ్యునోగ్లోబ్యులిన్, స్టెరాయిడ్లు ఇస్తారు. అవును, మామూలు కరోనాకి వద్దన్న స్టెరాయిడే! కడుపునొప్పి చూసి అపెండిసైటిస్ అనుకునే అవకాశమూ ఉంది. అందుకే డాక్టర్ అడక్కపోయినా సరే, 'నెల కింద మా ఇంట్లో కరోనా వచ్చింది సార్' అని మీరే చెప్పండి.