తుంటి ఆపరేషన్‌లో ఫోన్‌కి ఎంత చోటు?

తుంటి కీలు మార్పిడిలో అసలు చిక్కు ఎముక కోయడంలో లేదు, కప్ కూర్చోబెట్టడంలో ఉంది. కటి ఎముక గుంటలో సగం బంతి ఆకారంలో ఉండే లోహపు కప్‌ను సుత్తితో కొట్టి బిగిస్తారు. అది మరీ నిటారుగా కూర్చుంటే లోపలి లైనర్ త్వరగా అరుగుతుంది. వెనక్కి తిరిగి ఉంటే, పేషెంటు కిందికి వంగినప్పుడు కీలు జారిపోవచ్చు. 1962లో ఇంగ్లండ్‌లో జాన్ చార్న్‌లీ ఈ ఆపరేషన్‌కు ఇప్పటి రూపం ఇచ్చిన తర్వాత కప్ మారింది, బంతి మారింది, లైనర్ ప్లాస్టిక్ మారింది. వాలును అంచనా కట్టేది మాత్రం చాలా థియేటర్లలో ఇప్పటికీ సర్జన్ కన్నే.

ఆ కన్నుకు ఎంత గురి ఉంది? బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ వైద్యులు 1,823 తుంటి ఆపరేషన్ల ఎక్స్‌రేలు కొలిచి 2011లో లెక్క బయటపెట్టారు. కప్ వాలు, ముందుకు తిరిగిన కోణం, రెండూ అనుకున్న హద్దుల్లో పడినవి సగమే. తక్కువ ఆపరేషన్లు చేసే సర్జన్ల చేతిలో, స్థూలకాయం ఉన్న పేషెంట్లలో గురి ఎక్కువగా తప్పింది. అంత పేరున్న ఆసుపత్రిలోనే ఇలా ఉంటే, ఎప్పుడో ఒక తుంటి కేసు వచ్చే జిల్లా ఆసుపత్రి సంగతి చెప్పనక్కర్లేదు.

రోబో ఈ పని బాగానే చేస్తుంది, కానీ దాని ధర కోట్లలో ఉంటుంది. ఫోన్ అందరి జేబులోనూ ఉంది. అడ్డంగా తిప్పితే తెర కూడా తిరుగుతుందే, దానికి కారణమైన యాక్సెలరోమీటర్ అనే చిన్న సెన్సర్‌కు నేల ఏ దిక్కున ఉందో ఎప్పుడూ తెలుస్తూనే ఉంటుంది. స్టెరైల్ కవర్‌లో పెట్టిన ఫోన్‌ను కప్ పట్టుకునే కడ్డీకి ఆనిస్తే, వాలు ఎన్ని డిగ్రీలో తెర మీద అంకె కనిపిస్తుంది. తాపీ మేస్త్రీ రసమట్టం చేసే పనే ఇది. ఈ పద్ధతి మీద దక్షిణాఫ్రికా సర్జన్లు 2012లోనే జర్నల్ ఆఫ్ ఆర్థ్రోప్లాస్టీలో రాశారు.

అయితే ఫోన్ కొలిచేది నేలను బట్టి. కప్ ఉండేది పేషెంటు కటి ఎముకలో. ఆపరేషన్ బల్ల మీద పేషెంటును పక్కకి తిప్పి పడుకోబెడతారు. సర్జన్ కాలు లాగినప్పుడు, రిట్రాక్టర్‌తో కండ పక్కకి జరిపినప్పుడు కటి కూడా కొంత కదులుతుంది. పది డిగ్రీలు వాలిపోయినా ఫోన్‌కు ఆ సంగతి తెలియదు, తెర మీద అంకె మాత్రం నిబ్బరంగా నిలిచే ఉంటుంది. పైగా బల్ల మీద కనిపించే కోణం, తర్వాత ఎక్స్‌రేలో కనిపించే కోణం ఒకటి కావు. అందుకే ఎక్స్‌రేలో 40 డిగ్రీలు రావాలంటే బల్ల మీద 35 దగ్గర ఆగాలంటారు. ముందుకు తిరిగిన కోణం ఇంకో తలనొప్పి. నిట్టనిలువు ఇరుసు చుట్టూ తిరగడాన్ని యాక్సెలరోమీటర్ పసిగట్టలేదు. దిక్సూచి సెన్సర్ వాడదామంటే చుట్టూ ఉన్న లోహపు పనిముట్లు దాన్ని తప్పుదారి పట్టిస్తాయి.

గురి పెట్టే లక్ష్యం మీదే సందేహాలున్నాయి. 40 డిగ్రీల వాలు, 15 డిగ్రీల తిరుగుడు, రెండింటికీ అటూ ఇటూ పది. ఈ ‘సేఫ్ జోన్’ను లూయినెక్ బృందం 1978లో ప్రతిపాదించింది. మేయో క్లినిక్‌లో జారిపోయిన 206 తుంటి కీళ్లను పరిశీలిస్తే వాటిలో 58 శాతం కప్‌లు ఈ హద్దుల్లోనే ఉన్నాయని 2016లో తేలింది. కూర్చున్నప్పుడూ లేచినప్పుడూ నడుముతో పాటు కటి ఎంత వంగుతుందన్నది ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. మన దగ్గర ఎముకకు రక్తం అందక తుంటి దెబ్బతిని ఆపరేషన్ దాకా వచ్చేవాళ్లలో యువకులు చాలామంది. వాళ్లకు నేల మీద బాసింపట్టు వేసుకుని భోంచేయాలని ఉంటుంది. ఆ అలవాట్లు ఏ యాప్‌కీ తెలియవు.

ఇన్ని లోపాలున్నా ఫోన్ వాడాలనే నా అభిప్రాయం. పేషెంటును ముంచేది మూడు నాలుగు డిగ్రీల తేడా కాదు, పదిహేను ఇరవై డిగ్రీల పొరపాటు. అంత పెద్ద తప్పును పట్టుకోవడానికి రోబో అక్కర్లేదు, ఫోన్ చాలు. ఏడాదికి వందల తుంటి కేసులు చేసే చేతికి దాని అవసరం తక్కువే. అలవాటు తప్పిన చేతికి మాత్రం అది గట్టి కాపు. పేషెంటును పడుకోబెట్టగానే కటి నిలువుగా ఉందో లేదో చూసుకోవాలి, కప్ కొట్టే ముందు మరోసారి సరిచూసుకోవాలి. ఈ క్రమం తప్పితే ఫోన్ లేకపోవడమే నయం, ఎందుకంటే అంకె కనబడగానే అనుమానం చచ్చిపోతుంది.

ఇక అనుమతుల సంగతి. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో వైద్యానికి వాడే సాఫ్ట్‌వేర్ కూడా వైద్య పరికరం కిందికే వస్తుంది. వడ్రంగం కోసం తయారైన ఉచిత లెవెల్ యాప్‌ను థియేటర్‌లోకి తీసుకెళ్లడం సరదాకి కూడా తగదు.

అంతకన్నా పెద్ద లోటు రికార్డుది. స్వీడన్ 1979 నుంచి ప్రతి తుంటి మార్పిడినీ జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేస్తోంది. మనకు సర్జన్ల సంఘం నడిపే రిజిస్ట్రీ ఉంది, కానీ అందులో నమోదు స్వచ్ఛందం. 2010లో ఏఎస్ఆర్ అనే రకం కృత్రిమ తుంటి కీళ్లను తయారీ కంపెనీ వెనక్కి పిలిచినప్పుడు, అవి పెట్టించుకున్న భారతీయుల్లో చాలామంది ఆచూకీ దొరకనే లేదు. ఆయుష్మాన్ భారత్ లాంటి పథకాల కింద తుంటి మార్పిడులకు ప్రభుత్వమే డబ్బు కడుతోంది. బిల్లు మంజూరుకు ఒక షరతు పెడితే సరిపోతుంది: థియేటర్‌లో ఫోన్ చూపిన కోణం, తర్వాతి ఎక్స్‌రేలో తేలిన కోణం, రెండూ పేషెంటు ఫైలుకు జత చేయాలి. రెండేళ్లు అలా పోగైతే ఏ ఆసుపత్రిలో ఫోన్ పనికొస్తోందో, ఎక్కడ అలంకారంగా మిగిలిందో విడిగా కమిటీ వేయకుండానే తెలిసిపోతుంది.