కొండదారిలో చిన్న అడుగులు



పోయిన నెల మా అమ్మాయి ఇంటి వంటగది ముచ్చట్లు వ్రాసి, కొండల సంగతి తరువాత చెబుతానన్నాను. ఆ బాకీ ఈ సంచికలో తీర్చుకుంటున్నాను. మా అమ్మాయి, అల్లుడుగారు స్విట్జర్లాండులో బెర్న్ పట్టణంలో ఉంటున్నారు. 2024 వేసవిలో వారి దగ్గర రెండు నెలలున్నాను. అప్పటికి మనవడికి ఏడేళ్ళు, మనవరాలికి నాలుగేళ్ళు, చంకలోవాడికి పది నెలలు.

స్విట్జర్లాండు అనగానే మనకు సినిమా పాటలే గుర్తుకొస్తాయి. అంత మంచులో పలుచని చీర కట్టుకొని ఆ అమ్మాయి ఎలా ఆడిందో పాపం అని మా ఊరి ఆడవాళ్ళు జాలిపడేవారు. నేను వెళ్ళింది జూలైలో. మంచు ఎక్కడో శిఖరాల మీద తెల్లగా కనబడుతున్నది గాని, దిగువనంతా పచ్చగడ్డి, ఆ గడ్డిలో ఆవులు, ఆవుల మెడల్లో గంటలు.

అక్కడివారికి కొండకు వెళ్ళడమంటే మనకు పొలానికి వెళ్ళినట్టే. బడి పిల్లలను ఏడాదికొకసారి ఉపాధ్యాయులే విహారానికి తీసుకొని వెళతారు. చాలా తరగతులు కొండలకే వెళతాయి. కిండర్‌గార్టెన్ పిల్లలు మెడలో మెరిసే పట్టీ వేసుకొని, పెద్దవాళ్ళు లేకుండా నడిచి బడికి పోతుంటే నేను కిటికీలోంచి చూసి బెదిరిపోయేదాన్ని. మా మనవరాలు కూడా నడకకు అలవాటుపడిన పిల్లే. ఎత్తుకుంటానంటే ఒప్పుకోదు.

శనివారం తెల్లవారితే ఆ ఇంట్లో పెళ్ళివారి హడావుడి. పులిహోర ఒక డబ్బా, పెరుగన్నం ఒక డబ్బా, పిల్లలకు ఆపిల్ ముక్కలు, నీళ్ళ సీసాలు. అంత ఎండ కాస్తుంటే స్వెట్టర్లెందుకమ్మా అని అడిగాను. ఎత్తుకు పోయేకొద్దీ ప్రతి 100 మీటర్లకు సుమారు అర డిగ్రీకి పైగా వేడి తగ్గుతుందని అల్లుడుగారు లెక్క చెప్పారు. బెర్న్ ఊరు 540 మీటర్ల ఎత్తున ఉంది. మేము వెళ్ళే మెన్లిఖెన్ కొండ 2,200 మీటర్ల పైచిలుకు. అంటే ఇక్కడ 28 డిగ్రీలుంటే అక్కడ 18. చలిగా ఉన్నా ఎండ మాత్రం పైన ఇంకా తీక్షణం. అందుకని పిల్లల ముక్కులకు, చెవులకు క్రీము పూసి, టోపీలు పెట్టారు.

రైలు ఖర్చు వింటే గుండె గుభేలుమంటుంది. ఫ్రాంకు అంటే అప్పట్లో నూరు రూపాయలకు అటూ ఇటూ. కాని పిల్లల విషయంలో ఆ రైళ్ళవారు ఉదారులే. ఆరేళ్ళు నిండని పిల్లలకు టిక్కెట్టు లేదు. ఆరు నుండి పదహారేళ్ళ వరకు సంవత్సరానికి 30 ఫ్రాంకుల కార్డు ఒకటి తీసుకుంటే, తల్లితోనో తండ్రితోనో ఉచితంగా తిరగవచ్చు. రెండంతస్తుల దూరపు రైళ్ళు కొన్నిటిలో పిల్లల పెట్టె ఒకటి ఉంటుంది. అందులో జారుడుబల్లతో సహా ఆటస్థలం. మా వాళ్ళిద్దరూ కొండ చూడక ముందే అక్కడ అలసిపోయారు.

ఆ రైలు బాజెల్ నగరం నుండి వస్తుంది. ఆ పేరు పలక మీద చదివి నాకు మా తాతగారి ఇల్లు జ్ఞాపకం వచ్చింది. 1865లో మంగళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టినది ఆ ఊరి పేరు గల బాజెల్ మిషనువారే. మంగళూరు పెంకుల క్రింద పెరిగినదాన్ని, ఆ ఊరి రైల్లో కూర్చుంటానని ఏనాడు అనుకున్నాను!

ఇంటర్లాకెన్‌లో దిగి వేరే రైలెక్కి గ్రిండెల్‌వాల్డ్ చేరాము. అక్కడినుండి తీగమీద వ్రేలాడుతూ పోయే గాజు గది. పదిమంది పడతారు. పైకి పోతుంటే చెవులు గడియ పడినట్టయింది. మా అమ్మాయి గబుక్కున చంటివాడికి పాలు పట్టింది. మ్రింగుతూ ఉంటే చెవిలో గాలి సర్దుకొని నొప్పి రాదట. పెద్ద పిల్లల నోట్లో చెరొక బిళ్ళ. నాకూ ఒకటి ఇచ్చారు.

పైన దిగగానే పెద్ద కొయ్య ఆవు. దాని కడుపులో దూరి జారుకుంటూ బయటికి వస్తున్నారు పిల్లలు. ఎదురుగా మూడు మహా శిఖరాలు వరుసగా నిలబడి ఉన్నాయి. ఐగర్ 3,967 మీటర్లు, పక్కన మూన్‌ఖ్, ఆ పక్కన యుంగ్‌ఫ్రావు 4,158. నేను నోరు తెరచి వాటిని చూస్తుంటే, వీళ్ళిద్దరూ శిఖరాలకు వీపు పెట్టి కొయ్య ఆవుతో ఆడుతున్నారు. ఇంత డబ్బు పోసి వచ్చింది దీనికా అని లోపల సణుక్కున్నాను.

అక్కడినుండి క్లైనె షైడెగ్ అనే చోటికి నాలుగున్నర కిలోమీటర్ల దారి. వెడల్పుగా, మెల్లగా దిగుతూ పోతుంది. ఆ దేశంలో కాలిబాటలు అన్నీ కలిపి 65,000 కిలోమీటర్లట. ఎక్కడ చూసినా పసుపుపచ్చ పలకలు, వాటిపై ఊరి పేరు, నడవటానికి పట్టే సమయం. ఉత్త పసుపు గుర్తయితే అందరూ నడిచే దారి. తెలుపు ఎరుపు తెలుపు చారలుంటే కొండదారి, పిల్లలను చెయ్యి పట్టి నడిపించవలసినది. తెలుపు నీలం తెలుపు చారలైతే అది మనకు కాదు, కొండలెక్కటం తెలిసినవాళ్ళకు. ఈ మూడూ మా మనవడు నాకు వేళ్ళు మడిచి అప్పజెప్పాడు.

పలకమీద గంటన్నర లోపే అని వ్రాసి ఉంది. మాకు మూడు గంటలు పట్టింది. పలకమీది లెక్క ఆగకుండా నడిచే పెద్దవాళ్ళది. నాలుగేళ్ళ పిల్ల ప్రతి రాయి దగ్గరా ఆగుతుంది. చీమలు పోతుంటే కూర్చుంటుంది. మూడుసార్లు చెప్పి, నాలుగోసారి నేను దాని రెక్క పట్టుకొని లాగాను. అల్లుడుగారు మెల్లగా, "అత్తయ్యా, తొందరేమీ లేదండి. మనం వచ్చింది దానితోనే గదా" అన్నారు. నాకు కోపం వచ్చింది. ఆ మాట సరియైనదే కాబట్టి ఇంకా ఎక్కువ వచ్చింది.

క్లైనె షైడెగ్ నుండి యుంగ్‌ఫ్రావుయోఖ్‌కు ఇంకో రైలుంది. 1912 నుండి నడుస్తున్నది. ఐగర్ కడుపులో సొరంగం తవ్వి, 3,454 మీటర్ల ఎత్తుకు తీసుకొని పోతుంది. ఇంత దూరం వచ్చి అది చూడకుండా పోతామా అని నేనే ఎత్తాను. మా అమ్మాయి వద్దన్నది. అంత ఎత్తున గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే. గంటలోపల పది నెలల బిడ్డను అక్కడికి లేపితే వాడికి తలనొప్పో, వాంతో వచ్చినా చెప్పలేడు. "నువ్వూ ఆయనా వెళ్ళి రండి, నేను పిల్లలతో ఇక్కడే ఉంటాను" అన్నది. నేను వెళ్ళలేదు. చూడలేదన్న బెంగ ఇప్పటికీ కొంచెం ఉంది, దాచను.

ఇక అసలు సంగతి. ఇది వ్రాయాలా మానాలా అని రెండు రోజులు ఆలోచించాను. ఆ తరువాతి శనివారం ఇంకో కొండకు వెళ్ళాము. దారికి అటూ ఇటూ మేత బీడు. గడ్డిలో ఒక ఎర్రదూడ పడుకొని ఉంది, నుదుట తెల్లబొట్టు. నేను పాడి ఉన్న ఇంట్లో పుట్టినదాన్ని. దూడను చూస్తే చెయ్యి ఊరుకోదు. మనవరాలి చెయ్యి పట్టుకొని, "రావే, దూడను నిమురుదువుగాని" అని దారి దిగాను. వెనకనుండి మనవడు, "అమ్మమ్మా, వద్దు! బోర్డు చూడు" అని కేకవేశాడు. ఆవు, దూడ బొమ్మ వేసిన బోర్డు ఒకటి కంచె దగ్గర ఉన్నమాట నిజమే. పరభాషలో ఉంది గదా అని నేను చూడలేదు.

నాలుగు అడుగులు వేశానో లేదో, తల్లి ఆవు తల దించుకొని, ముక్కుతో బుసకొడుతూ మా వైపు వస్తున్నది. నా కాళ్ళు చచ్చుబడ్డాయి. మా అమ్మాయి గొంతు వినబడింది. "అమ్మా, పరుగెత్తకు. వీపు తిప్పకు. పాపను నీ వెనక్కి తీసుకొని మెల్లగా వెనక్కి రా." అలాగే వచ్చాను. ఆవు దూడ దగ్గరకు వచ్చి ఆగి, దానిని నాకుతూ మా వైపే చూస్తూ నిలబడింది. మేము బాట మీదికి చేరిన తరువాత పాప ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

అక్కడ పాల ఆవులు వేరు, మాంసం కొరకు పెంచే మందలు వేరు. ఆ మందల్లో దూడలు తల్లితోనే కొండమీద తిరుగుతాయి. తల్లులు మనిషి చేతి పితుకుడు ఎరుగవు. వాటికి మనం అలవాటు లేదు. దూరంగా చుట్టుతిరిగి పోవాలి, దూడను తాకకూడదు, కుక్క ఉంటే గొలుసు వేయాలి, అదే మీదికి వస్తే మాత్రం కుక్కను వదిలేయాలి. ఇవన్నీ బడిలో చెప్పారని మనవడన్నాడు. కాని నిజం చెప్పాలంటే నాకు ఇది తెలియని సంగతి కాదు. ఈనిన ఆవు కొత్తవారిని దగ్గరకు రానీయదని మా నాయన ఎన్నిసార్లు చెప్పలేదు! పరదేశపు ఆవు సాధువనుకున్నాను కాబోలు.

దారి పొడవునా మా అమ్మాయి నాతో మాట్లాడలేదు. ఆ రాత్రి గిన్నెలు కడుగుతూ, "నేను వద్దన్నవన్నీ నువ్వు చేస్తావమ్మా" అని ఒక్కమాట అని లోపలికి పోయింది. నిజమే. చంటివాడికి తేనె నాకించాను, రెక్క పట్టి లాగాను, ఇప్పుడిది. కన్న కూతురి ఇంట్లో పెద్దరికం ఎంతవరకో తెలుసుకోవడం కష్టం సుమా. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మన రైతు కుటుంబాలకు నచ్చే సంగతి ఒకటి. పాడి రైతులు వేసవి మొదట్లో ఆవులను కొండమీదికి తోలి, సుమారు నూరు రోజులు అక్కడే మేపుతారు. ఎన్నో చోట్ల జున్నుగడ్డ అక్కడే కాస్తారు. మనం జున్ను అనేది కాదు, వాళ్ళు నెలల తరబడి నిలవచేసేది. ఇలా మేపినందుకు ప్రభుత్వం రైతుకు సొమ్ము కూడా ఇస్తుంది. మేత లేకపోతే బీడంతా పొదలు పెరిగి పాడైపోతుందని. సెప్టెంబరులో ఆవులకు పూలు కట్టి, పెద్ద గంటలు వేసి ఊరేగింపుగా దించుతారు. అది చూడకుండానే నేను తిరిగి రావలసి వచ్చింది.

మూడో శనివారం నేను ఇంట్లో ఉంటానన్నాను. మనవడు ఒప్పుకోలేదు. ఆరోజు దారిలో నిప్పు రాజేసుకొనే చోటొకటి దొరికింది. రాళ్ళ పొయ్యి, ప్రక్కన పేర్చిన కట్టెలు. అక్కడివాళ్ళు సెర్వెలా అనే లావుపాటి సాసేజీ కొసలను కత్తితో చీల్చి, పుల్లకు గుచ్చి కాలుస్తారు. కాలగానే కొసలు పువ్వులా విచ్చుకుంటాయి. పిల్లలు వాటిని తిన్నారు, నేను పులిహోర తిన్నాను. లేచేటప్పుడు అరటితొక్కతో సహా అంతా సంచిలో వేసుకొని తిరిగి తెచ్చారు.

పైకి ఇంకా ముప్పావుగంట నడక ఉండగా పడమటి వైపు మబ్బు నల్లబడింది. వేసవిలో మధ్యాహ్నం దాటితే అక్కడ పిడుగుల వాన హఠాత్తుగా వస్తుంది. అల్లుడుగారు ఫోనులో వాతావరణం చూసి, వెనక్కి పోదామన్నారు. మనవడు శిఖరం చేరాలని ఏడ్చాడు. ప్రమాదం వస్తే పిలవటానికి రేగా అనే హెలికాప్టరు సంస్థ ఉంది, 1952లో పెట్టినది, నంబరు 1414. లక్షలాది కుటుంబాలు ఏటేటా చందా ఇచ్చి దానిని నిలబెడుతున్నాయి. అయితే అది ఉంది గదా అని ఎవరూ ధైర్యం చేయరు. మబ్బులో అదీ ఎగరలేకపోవచ్చు.

దిగేదారి అక్కడక్కడ జారుడుగా ఉంది. చంటివాడు తండ్రి వీపు మీది బుట్టలో, పెద్దవాడు ఏడుపు మొహంతో ముందు. మా అమ్మాయి బరువు సంచి తగిలించుకొని, వెనక్కి తిరిగి చూసి, "అమ్మా, పాపను నువ్వు పట్టుకో. లోపలి వైపు నడిపించు" అన్నది.

పట్టుకున్నాను. పాప ఒక నత్త దగ్గర ఆగింది. ఉరుము వినబడేదాకా నేనూ ఆగాను, తరువాత ఇద్దరం దిగాము.