కవరు మీది పేరే చరిత్రా?

మా అమ్మమ్మ తన చెల్లెలికి రాసిన ఉత్తరాలు నలభై ఒకటి, నేను పిహెచ్.డి. చేస్తున్న రోజుల్లో నా చేతికొచ్చాయి. చిన్నమ్మమ్మ వాటిని గోడకి వేలాడే ఇనప తీగకి గుచ్చి, తీగ నిండాక రేకు పెట్టెలోకి మార్చి, అరవై ఏళ్లు దాచింది. ప్రతి ఉత్తరం మధ్యలో తీగ పొడిచిన కన్నం ఉంది. వాటితో పాటు నాలుగు ఫోటోలు కూడా ఇచ్చింది. పాత కాగితాలను స్కాన్ చేసి ఇంటర్నెట్లో భద్రపరిచే ఒక సంస్థకి నేనే స్వయంగా వాటిని తీసుకెళ్లి ఇచ్చాను. చరిత్రకి నా వంతు మేలు చేశానని మురిసిపోయాను కూడా.

ఆర్నెల్ల తర్వాత వెతుకుదును గదా, అమ్మమ్మ పేరు కొడితే ఏమీ రాలేదు. చిన్నమ్మమ్మ పేరు కొట్టినా అంతే. చివరికి చిన్నతాత పేరు కొడితే అన్నీ బయటికొచ్చాయి. “ఫలానా వారి కుటుంబ పత్రాలు” అని శీర్షిక. నలభై ఒక్క ఉత్తరాలకీ కలిపి ఒకటే వివరణ, “కుటుంబ విషయాలు” అని. చిన్నతాతకి ఒక జిల్లా నాయకుడు రాసిన ఒకే ఒక్క పోస్టుకార్డుకి మాత్రం విడిగా పేరు, తేదీ, సారాంశం అన్నీ ఉన్నాయి. ఆ కార్డులో ఉన్నదల్లా, మీటింగుకి ఏ బస్సెక్కి రావాలన్నదే.

ఇంతకీ ఆ “కుటుంబ విషయాలు” ఏమిటి? చిన్నమ్మమ్మ చెప్పుకోవచ్చన్నవే ఇక్కడ రాస్తాను. నెయ్యి అమ్మిన డబ్బులు కొంగున ముడేసుకుని చెల్లెలి మెట్రిక్ పరీక్ష ఫీజుకి పంపడం. నాలుగో కాన్పు తర్వాత ఇక పిల్లలు వద్దని ఆస్పత్రిలో అడిగితే, మీ ఆయన్ని వెంటబెట్టుకు రమ్మని తిప్పి పంపేయడం. మామగారు నిద్రపోయాక దీపం తగ్గించుకుని పత్రికలు చదవడం. స్త్రీవిద్య, కుటుంబ నియంత్రణ, పఠనం అని సెమినార్లలో మనం పేపర్లు చదివేది వీటి గురించి కాదూ?

ఫోన్ చేసి అడిగాను. అవతలి వ్యక్తి మర్యాదగానే జవాబిచ్చాడు. “ఉత్తరాల్లో ఎక్కడా ఆవిడ పేరు లేదు కదండీ! కవరు మీద మీ తాతగారి పేరే ఉంది.”

నిజమే, లేదు. మన ఆడవాళ్ల ఉత్తరాలు ఎలా ఉంటాయో గుర్తు తెచ్చుకోండి. “చి.ల.సౌ. చెల్లెలికి అక్క దీవించి వ్రాయునది” అని మొదలై “ఇట్లు, మీ అక్క” అని ముగుస్తాయి. పోస్ట్‌మన్ తెచ్చిచ్చేది ఇంటి యజమాని పేరు మీద. రాసినామె వరసగా మిగులుతుంది, అందుకున్నామె కవరు మీద కూడా ఉండదు. పెళ్లితో ఇంటిపేరు మారుతుంది కనుక, పేరున్న చోట కూడా ఒకే మనిషి పుట్టింటి పేరుతో ఒకచోట, మెట్టినింటి పేరుతో మరోచోట ఇద్దరుగా చీలిపోతుంది. చేతిరాత తెలుగుని నమ్మకంగా చదివిపెట్టే యంత్రం మనకింకా అందలేదు. కాబట్టి స్కాన్ చేసిన ఉత్తరం వట్టి బొమ్మ. దాని పక్కన ఎవరో టైపు చేసిన నాలుగు మాటలే దానికి తలుపు. ఆ నాలుగు మాటల్లో స్త్రీ లేకపోతే, ఉత్తరం కళ్లెదుటే ఉన్నా లేనట్టే.

ఇది మా ఇంటి గొడవే అయితే ఇంత రాయను. గాంధీ రచనల సంపూర్ణ సంపుటాలు ఇంగ్లీషులో వంద. 1958 నుంచి 1994 దాకా వెలువడ్డాయి. ఇప్పుడవన్నీ ఇంటర్నెట్లో ఉచితం. ఆయన మీరాబెన్‌కీ, రాజకుమారి అమృత్ కౌర్‌కీ, ఇంకా ఎందరో స్త్రీలకీ రాసిన జాబులు అక్కడ చదవచ్చు. ఆయన్ని వాళ్లేమడిగారు, ఎక్కడ ఎదురు చెప్పారు అన్నది మాత్రం ఆయన జవాబుల్లోంచో, సంపాదకుల అడుగు జ్ఞాపికల్లోంచో ఏరుకోవాలి. ఆయన రచనల సంపుటాలు గనక అలాగే ఉంటాయంటారు. సరే. మరి ప్రశ్నలు అడిగిన స్త్రీల సంపుటాలేవి?

ఇక రెండో సంగతి. అమ్మమ్మ ఉత్తరాల్లో ఒకదాని చివర “చదివి చించెయ్యి” అని ఉంది. చిన్నమ్మమ్మ చించలేదు. ఎందుకు చించలేదో నేనడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ ఉత్తరం కూడా ఇంటర్నెట్లో ఉంది, ప్రపంచంలో ఎవరైనా చదువుకోవచ్చు. దాన్ని తీసెయ్యమంటే వచ్చిన జవాబు, “ఆవిడ పోయారు కదా, ఇప్పుడెవరికి నష్టం? చరిత్ర అన్నాక అన్నీ ఉండాలి.”

నన్ను ఆలోచనలో పడేసింది ఈ జవాబే. పేరు రాయడానికి రానంత చిన్న మనిషి, చూపించడానికి మాత్రం చరిత్ర అయిపోయింది! ఇవి రెండు వేరు వేరు తప్పులు కావు. ఉత్తరం రాసినామె దాని రచయిత్రి కాదనుకుంటే పేరు అక్కర్లేదు, దాని యజమాని కాదనుకుంటే అనుమతీ అక్కర్లేదు. ఆమెని మరుగుపరిచిందీ బజారున పెట్టిందీ ఒకే పితృస్వామ్య దృష్టి.

ఇదే దృష్టి ఇంకా క్రూరంగా కనబడాలంటే ఎడ్గార్ థర్‌స్టన్ పుస్తకాల్లోని ఫోటోలు చూడాలి. మద్రాసు మ్యూజియం అధికారి అయిన థర్‌స్టన్, కె. రంగాచారి తోడ్పాటుతో 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు. మనుషుల ముక్కులూ తలలూ కొలతలు తీసి లెక్కలు రాసుకున్నవాడాయన. ఆ సంపుటాలిప్పుడు ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లోనూ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ ఎవరికైనా దొరుకుతాయి. అందులోని దళిత, ఆదివాసీ, సంచార జాతుల స్త్రీల బొమ్మల కింద సాధారణంగా ఉండేది కులం పేరో తెగ పేరో. వాళ్లకి పేర్లు లేవా? వాళ్లమ్మలు పిలవలేదా? అడగవలసినవాడికి అడగాలనిపించలేదు, అంతే. వాళ్ల ఒంటి మీద చూపు నిలిపే హక్కు మాత్రం కెమెరాకి ఉందనుకున్నాడు. నూరేళ్లు దాటాక మనం ఆ బొమ్మని, ఆ కులం పేరే శీర్షికగా, ఇంకా స్పష్టంగా, ఇంకా పెద్దగా చూపిస్తున్నాం. సాంకేతికత మారింది గానీ చూపు మారిందా?

“అసలు మిగలడమే గొప్ప, మీరు పేర్ల దగ్గర పేచీ పెడుతున్నారు” అనే మిత్రులున్నారు. మిగలడం గొప్పే, కాదనను. 2000 ఆగస్టు వరదలో హైదరాబాద్‌లోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి నీళ్లొచ్చి అరుదైన పుస్తకాలు తడిసి ముద్దయినప్పుడు, కాగితమొక్కటే ఆధారమైతే ఏమవుతుందో అందరం చూశాం. స్కానింగ్ కావాలి. కానీ, ముందు స్కాన్ చేసేద్దాం, పేర్లు తర్వాత చూసుకుందాం అనుకుంటే ఆ తర్వాత ఎప్పుడూ రాదు. ఫోటోలో ఎడమ నుంచి మూడో ఆవిడ ఎవరో చెప్పగలిగే ముసలమ్మ ఆ తర్వాత దాకా బతికి ఉండదు. పెద్ద మగవాళ్ల విషయంలో ఈ తొందరెవరూ పడరేం? నాయకుడి పక్కన నిలబడ్డ డ్రైవరు ఎవరో కూడా ఆరా తీస్తారే!

చేయలేని పనేం కాదిది. హార్వర్డ్‌లో అఫ్సానే నజ్మాబాదీ నాయకత్వంలో కజార్ కాలపు ఇరాన్ స్త్రీల జీవితాల మీద ఒక డిజిటల్ ఆర్కైవ్ తయారైంది. ఉత్తరాలు, ఫోటోలు, పెళ్లి ఒప్పందాలు కుటుంబాల దగ్గరికి వెళ్లి స్కాన్ చేశారు. అసలు ప్రతులు కుటుంబాల దగ్గరే ఉంటాయి. పర్షియన్‌లోనూ ఇంగ్లీషులోనూ వివరణలున్నాయి, మనుషుల పేర్లతో వెతకచ్చు. అంత దూరమెందుకు? 1988లో బొంబాయిలో సి.ఎస్. లక్ష్మి (మనకి తమిళ రచయిత్రి అంబైగా తెలిసినామె), నీరా దేశాయ్, మైత్రేయి కృష్ణరాజ్ కలిసి స్పారో సంస్థ మొదలుపెట్టినప్పుడు స్త్రీల ఫోటోలనూ వాళ్ల సొంత గొంతులనూ కలిపే దాచాలనుకున్నారు. మన దగ్గరైతే స్త్రీశక్తి సంఘటన తెలంగాణ పోరాట స్త్రీల నోట చెప్పించి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చింది. కాగితం లేనిచోట మనిషినే అడిగారు. ఆ అడగడమే ఇప్పుడు మనం మర్చిపోయింది.

ఈ తప్పులో నాకూ భాగముంది. ఆ సంస్థ ఫారంలో “కుటుంబ యజమాని పేరు” అన్న గడిలో చిన్నతాత పేరు నింపింది నేనే. “తీసుకెళ్లవే, నాకెలాగూ కళ్లు కనబడవు” అని చిన్నమ్మమ్మ అన్నదాన్ని అనుమతిగా జమ కట్టేసుకుందీ నేనే. నా సిద్ధాంత గ్రంథంలో ఇంకెవరెవరి తల్లుల ఉత్తరాలనో మగవాళ్ల పేర్లున్న సేకరణల కింద ఉదహరించాను. పైగా మా అమ్మమ్మకి అక్షరాలొచ్చాయి, కార్డు కొనే కానీలుండేవి, దాచిపెట్టే రేకు పెట్టె ఉంది. అది కులమూ, కొద్దిపాటి పొలమూ ఇచ్చిన వెసులుబాటు. ఉత్తరమే రాయలేనివాళ్ల సంగతి ఉత్తరాల ఆర్కైవ్‌లో ఎలా దొరుకుతుంది? కాబట్టి మన ఇళ్లలోని ఉత్తరాలకి పేర్లు పెట్టుకున్నంత మాత్రాన స్త్రీల చరిత్ర పూర్తయిందని పండగ చేసుకోవద్దు.

అయినా ఈ పని వాయిదా వేయడానికి లేదు. ఉత్తరం రాసినామె పేరుతోనే నమోదు చెయ్యాలి. పేరు తెలియకపోతే “పేరు నమోదు చేయలేదు” అని, నమోదు చేయనిదెవరో కూడా రాయాలి. రెండు ఇంటిపేర్లూ ఇవ్వాలి. ఏది చూపాలో, ఏది కొన్నేళ్లు మూసి ఉంచాలో ఇచ్చిన స్త్రీలనడిగి నిర్ణయించాలి. బొమ్మలోని మనిషి ఏ సమాజానికి చెందిందో, ఆ సమాజం వాళ్లకి శీర్షిక మార్చే అధికారముండాలి. ఇవి దయ చూపమని అడగడం కాదు. పరిశోధనలో కనీస నిజాయితీ.

ఎనిమిది నెలలు వాదించాక ఆ ఒక్క ఉత్తరం తీసేశారు. మిగతా నలభైకి “వారి భార్య అక్కగారు రాసినవి” అని చేర్చారు. పేరు కోసం ఇంకా రాస్తూనే ఉన్నాను. అమ్మమ్మ పేరు ఈ వ్యాసంలో నేనూ రాయలేదని మీరు గమనించే ఉంటారు. ఆమెని అడిగే వీలు లేదు, ఇది ఆమె ఉత్తరాల జాబితా కూడా కాదు. జాబితాలో మాత్రం ఉండాలి. పేరు చెప్పకుండా ఉండడం, పేరు లేకుండా చేయడం ఒకటి కాదు.

ఈ నెల మీ ఇంటికెళ్లినప్పుడు బీరువాలోని ఫోటోలు దింపండి. అమ్మనో, మేనత్తనో పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కరూ ఎవరో అడగండి. వెనకవైపు పెన్నుతో కాదు, మెత్తటి పెన్సిల్‌తో, నొక్కకుండా రాయండి. స్కానింగ్ తర్వాత చేసుకోవచ్చు.