జల్లెడలో జారిపోయిన అమ్మమ్మ

పిల్లలూ! అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఎటు చూసినా కంప్యూటరు విద్య నేర్పే సంస్థల బోర్డులే. దూరపు ఊళ్ల నుంచి అన్నయ్యలూ, అక్కయ్యలూ వచ్చి, హాస్టళ్లలో ఉండి చదువుకుంటారు. కంప్యూటరుకు నియమాలు రాసిపెట్టటం కూడా ఒక విద్యే. అదేమిటో, పంజాగుట్ట పోయే సిటీబస్సు ఎక్కి తెలుసుకుందాం రండి.

తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం 2023 డిసెంబరు 9న మొదలయింది. దానికి షరతులున్నాయి. తెలంగాణలో నివాసమున్నట్టు గుర్తింపు కార్డు చూపాలి. నగరంలోనైతే సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులకే ఇది చెల్లుతుంది. కార్డు చూసి కండక్టరు ‘జీరో టిక్కెట్టు’ ఇస్తాడు.

ఈ పని కంప్యూటరుకు అప్పగించామనుకోండి. ఐ.బి.ఎం. వారి ఆపరేషనల్ డెసిషన్ మేనేజరులో ఇలాంటి నియమాలను దాదాపు మామూలు ఇంగ్లీషు వాక్యాల్లాగే రాయవచ్చు. నియమం ఎవరిని గురించో ముందు చెప్పాలి. ఆ మాట పక్కనే ‘ఫలానా గుణం గల’ అని షరతు తగిలించవచ్చు. అదే జల్లెడ. తరవాత ‘అయితే’ అని పరీక్ష. నెగ్గితే ఒక పని, ‘లేకపోతే’ మరో పని.

ఒక అన్నయ్య ఇలా రాశాడు: “తెలంగాణ కార్డు గల ప్రయాణికురాలు. బస్సు సిటీ ఆర్డినరీ గాని, మెట్రో ఎక్స్‌ప్రెస్ గాని అయితే జీరో టిక్కెట్టు ఇవ్వు. లేకపోతే డబ్బు తీసుకుని టిక్కెట్టు ఇవ్వు.”

బాగానే ఉన్నది గదా! ఇప్పుడు విజయవాడ నుంచి మనవరాలిని చూడవచ్చిన అమ్మమ్మను సిటీ ఆర్డినరీ బస్సు ఎక్కించండి. ఆవిడకున్నది ఆంధ్రప్రదేశ్ కార్డు. ‘లేకపోతే’ ఉన్నది గనక డబ్బిచ్చి టిక్కెట్టు కొంటుందనుకుంటున్నారా? కొనలేదు! జల్లెడ ఆవిడను ముందే పక్కకు తోసేసింది. ‘లేకపోతే’ అనేది జల్లెడలో నిలిచినవాళ్లకే గాని, జారిపోయినవాళ్లకు కాదు. అమ్మమ్మకు జీరో టిక్కెట్టూ లేదు, మామూలు టిక్కెట్టూ లేదు. పంజాగుట్టలో తనిఖీవాళ్లు ఎక్కితే, పాపం, నేరం ఆవిడ నెత్తిన పడుతుంది! కండక్టరుకైతే ఈ గొడవే లేదు. మనిషి కళ్లెదుట కనిపిస్తుంది గనక, ఏదో ఒక టిక్కెట్టు కొట్టి ఇస్తాడు.

ఒక అక్కయ్య దీన్ని సరిచేసింది: “ఒక ప్రయాణికురాలు. ఆమెకు తెలంగాణ కార్డు ఉండి, బస్సు ఆ రెండు రకాల్లో ఒకటి అయితే జీరో టిక్కెట్టు ఇవ్వు. లేకపోతే డబ్బు తీసుకుని టిక్కెట్టు ఇవ్వు.” షరతు జల్లెడలోనుంచి పరీక్షలోకి మారింది, అంతే. అమ్మమ్మ టిక్కెట్టు కొనుక్కుని నిశ్చింతగా కూర్చున్నది.

అలాగని జల్లెడ చెడ్డది కాదు. పంజాగుట్టలో దిగేవాళ్లెందరో లెక్క తేలాలంటే, మిగతావాళ్లతో మనకేం పని? అక్కడ జల్లెడే కావాలి. వేలకొద్దీ నియమాలనూ, మనుషులనూ చకచకా జతపరిచే ఉపాయాన్ని అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన చార్లెస్ ఫోర్జీ 1970ల్లో కనిపెట్టాడు. దానికి పెట్టిన పేరు ‘రేటే’. లాటిను భాషలో ఆ మాటకు వల అని అర్థం.

ఇంతకూ అక్కయ్య రాసిన నియమం కూడా బస్సులో కొందరిని వదిలేసింది, గమనించారా? మళ్లీ మొదటి మాట నుంచి చదవండి. తోచకపోతే, అమ్మమ్మ వెనకనే బస్సెక్కి, టిక్కెట్టు కోసం ఇంకా చెయ్యి చాచి నిలబడ్డ తాతయ్యను అడగండి!